సౌండ్ పెరిగింది సరే, బండి లాగుతోందా?

రెండేళ్ల కింద నా 150 సీసీ కార్బరేటర్ (పెట్రోల్‌ని గాలిలో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) బండికి కంపెనీ సైలెన్సర్ తీసేసి లోపల ఏమీ లేని ఖాళీ పైపు ఒకటి బిగించుకుని నల్గొండ నుంచి దేవరకొండ పోయాను. దారిలో ప్రతి ఊళ్లో కుక్కలు లేచాయి, అదొక సంబరం. కానీ వెనక తమ్ముడిని ఎక్కించుకుంటే, అంతకుముందు నాలుగో గేర్‌లో ఎక్కిన ఎత్తుకి మూడో గేర్ వేయాల్సొచ్చింది, యాక్సిలరేటర్ వదిలితే చాలు పటపటమని పేలుళ్లు. ఇంటికొచ్చి స్పార్క్ ప్లగ్ విప్పితే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. సౌండుకీ బలానికీ సంబంధం లేదని అప్పుడు ఎక్కింది బుర్రకి.

అందుకే ఏదీ విప్పకముందే కొలవండి. ఖాళీ రోడ్డు చూసుకుని మూడో గేర్‌లో 30 నుంచి 60 దాకా ఫుల్ యాక్సిలరేటర్‌తో ఎన్ని సెకన్లు పడుతుందో, ఫోన్‌ను హోల్డర్‌లో పెట్టి మీటర్ వీడియో తీసి చూడండి. ఎదురుగాలి లెక్క తప్పించాలంటే పోయేటప్పుడు, వచ్చేటప్పుడు రెండుసార్లూ చేసి సగటు తీయాలి. టైర్లలో గాలి, చైన్ లూజు, పెట్రోల్ ఒకేలా ఉండాలి, వేళ కూడా ఒకటే ఉండాలి. 30 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి దాదాపు 5 శాతం పలచన, అంటే మే నెల మధ్యాహ్నం ఏమీ మార్చకుండానే బండి డల్ అవుతుంది.

ఇక సైలెన్సర్ సంగతి. ఇంజన్ గాలిని పీల్చి వదిలే పంపు లాంటిది, పొగ అందులోంచి ధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఒక్కో దెబ్బ వెనక ఒత్తిడి తగ్గుతుంది. గాలి వచ్చేది, పొగ పోయేది రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే ఆ కాస్త సమయంలో అది సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేసి కొత్త గాలికి చోటిస్తుంది. ఇంజన్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చే బెండ్ పైప్ పొడవు, లావు దీన్ని చూసుకునే పెడతారు. "బ్యాక్ ప్రెషర్ (పొగకి ఎదురొత్తే ఒత్తిడి) ఉండాలన్నా" అని మెకానిక్‌లు అంటుంటారు గానీ ఇంజన్‌కి ఒత్తిడితో పనిలేదు, పొగ వేగం పోకూడదు, అంతే. మరీ లావు పైపులో పొగ నింపాదిగా కదులుతుంది, కింద ఆర్‌పీఎమ్‌లో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) పికప్ పోయి బలం పైకి జరుగుతుంది. 8000 దగ్గర పిసరంత ఎక్కువొచ్చినా మిర్యాలగూడ బజారులో మనం తోలేది 4000 లోపే కదా. పైగా 14 హార్స్‌పవర్ బండికి అన్నీ కుదిరి 5 శాతం పెరిగినా వచ్చేది 0.7 హార్స్‌పవర్.

ఎయిర్ ఫిల్టర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, మన దిక్కు దుమ్ము అట్లాంటిది. రైస్ మిల్లుల దగ్గర ఊక దుమ్ము, కంకర క్రషర్ల పొడి, జడ్చర్ల అవతల చేల మధ్య మట్టిరోడ్లు. ఫిల్టర్ ఉండే డబ్బా, అదే ఎయిర్ బాక్స్, తీసేసి కార్బరేటర్‌కి నేరుగా తగిలించే కోన్ ఫిల్టర్ వేస్తే "బుస్స్" అని పీల్చే చప్పుడు వస్తుంది, దాన్నే పవర్ అనుకుంటారు. నిజానికి అది ఇంజన్ పక్కన ఉడికిన గాలిని పీలుస్తోంది, నాసిరకం అయితే సన్న దుమ్మును కూడా. ఆ దుమ్ము పిస్టన్ రింగుల్ని, సిలిండర్ లోపలి గోడను గీసేస్తుంది, ఏడాది తిరిగేసరికి ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. ఎయిర్ బాక్స్ ఉత్త డబ్బా కాదు, మధ్య ఆర్‌పీఎమ్‌లో బండి లాగడానికి దాని సైజు కూడా కారణమే, దానికి చిల్లులు పెట్టకండి. ముందు పాత ఫిల్టర్ తీసి కొత్తది వేసి మళ్లీ కొలవండి, చాలామందికి పని ఇక్కడే అయిపోతుంది. ఆయిల్ తడి ఉండే పేపర్ ఫిల్టర్‌ని గాలి కొట్టి శుభ్రం చేయకూడదు, మార్చేయడమే.

అయినా పైపు మార్చాలనే ఉంటే, పెట్రోల్ కూడా దానికి తగ్గట్టు మార్చాలి. ఒక వంతు పెట్రోల్‌కి బరువులో 14.7 వంతుల గాలి ఉంటే పూర్తిగా మండుతుంది, ఫుల్ యాక్సిలరేటర్‌లో బలం మాత్రం ఇంకాస్త చిక్కగా, 13 కి అటూ ఇటుగా ఉన్నప్పుడు వస్తుంది. పైపు తెరిచి జెట్ (కార్బరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) అదే ఉంచితే మిశ్రమం పలచనై ఇంజన్ వేడెక్కుతుంది, నాకు జరిగింది అదే. మెయిన్ జెట్ ఒక్కో సైజు పెంచుతూ, ప్రతిసారీ ఫుల్ యాక్సిలరేటర్‌లో కాసేపు తోలి, క్లచ్ పట్టి ఇంజన్ ఆపి, పక్కన పెట్టి ప్లగ్ చూడండి (చేతులు కాలతాయి, గుడ్డ పెట్టుకోండి). బిస్కెట్ రంగు ఉంటే సరే, తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ, నల్లటి మసి ఉంటే ఎక్కువ. పేలుళ్లు వస్తుంటే జెట్ కన్నా ముందు బెండ్ పైప్ ఇంజన్‌కి కలిసేచోట ఉండే గాస్కెట్ చూడండి, నాలుగు రూపాయలు మిగులుతాయని పాతదే మళ్లీ వేస్తే అక్కడి నుంచి గాలి లోపలికి పోయి పేలుతుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో పెట్రోల్ లెక్క ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచే సెన్సర్ చూసి మామూలు వేగంలో కొంత సర్దుకుంటుంది గానీ ఫుల్ యాక్సిలరేటర్‌లో పాత మ్యాపే (ఎంత పెట్రోల్ పోయాలో కంపెనీ రాసిపెట్టిన లెక్క), అది మార్చాలంటే ట్యూనింగ్ కావాలి. సెన్సర్‌కి చోటు లేని బెండ్ పైప్ కొనకండి, మీటర్‌లో ఇంజన్ లైట్ ఆరదు.

సౌండ్ పెంచడం ఒక్కటే తేలిక, లోపలి గదులు, గ్లాస్ వూల్ తీసేస్తే చాలు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి రెట్టింపు అయినట్టే. 80 నుంచి 175 సీసీ బండ్లకి కంపెనీ దాటకూడని హద్దు 77 డెసిబెల్స్. శబ్దం హద్దు మీరితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లైసెన్స్ మూడు నెలలు పోతుంది. మన్ననూరు దాటి శ్రీశైలం పోయే దారి మొత్తం పులుల అడవి, అక్కడ ఆ మోత ఎందుకో నాకైతే అర్థం కాదు.

నేను చివరికి పాత సైలెన్సర్, కొత్త ఫిల్టర్, వెనక రెండు పళ్లు ఎక్కువున్న స్ప్రాకెట్ వేశాను. టాప్ స్పీడ్ కాస్త తగ్గింది, తమ్ముడు వెనక కూర్చున్నా ఆ ఎత్తు ఇప్పుడు నాలుగో గేర్‌లోనే ఎక్కుతుంది. మీరు పైపు మార్చినా సరే, పాత సైలెన్సర్‌ని పాతసామాన్లకి వేసేయకండి, బండి అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది దాన్నే.