పెరటి కూరగాయలు కోసి వండే ముందు

మందులు కొట్టలేదు కదా అని కోసినవి కోసినట్టే గిన్నెలో వేసేయకండి.

• పచ్చి పేడ వేశాక 120 రోజులు దాటితేనే నేలకు తగిలే కూరలు కోయండి. బాగా మాగిన ఎరువైతే ఈ టెన్షన్ ఉండదు.

• వేపనూనె కొట్టారా? కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో సీసా మీద చూసుకోండి.

• ఆకుకూరలను నీళ్లలో ముంచి, మట్టి అడుక్కి దిగాక పైకి తీసి, కుళాయి కింద మళ్లీ కడగండి. సబ్బు వద్దు.

• సొరకాయ, దోసకాయ, బీరకాయ అయితే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే వెంటనే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. ఆ చేదు కుకర్బిటాసిన్‌ది, విషం. ఉడికించినా పోదు. కష్టపడి పెంచిన కాయ కదా, మనసొప్పదు, నాకూ అంతే. అయినా పారేయాల్సిందే. కాకరకాయ సంగతి వేరనుకోండి.

• పచ్చబడి చేదెక్కిన బంగాళాదుంపదీ అదే దారి.