నిద్ర పట్టట్లేదా? ముందు ఏ టైంలో చెడుతోందో చూడండి

మెడికల్ షాపుకెళ్లి మాత్ర అడిగే ముందు ఇది గమనించండి: పడుకోగానే పట్టట్లేదా, నడిరాత్రి మెలకువ వస్తోందా, తెల్లవారకుండానే తెలివొచ్చేస్తోందా? మూడింటికీ కారణాలు వేరు.

పడుకుని గంటైనా పట్టకపోతే ముందు టీని అనుమానించండి. కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, అంటే శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర రాత్రి ఏడింటికి తాగిన టీ పన్నెండుకి కూడా ఒంట్లో సగం ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ మానేసి ఓ వారం చూడండి. తేడా లేకపోతే టెన్షన్ కావచ్చు. మంచం మీదే దొర్లుతూ, ఫోన్ చూస్తూ, టైం చూసుకుంటూ ఉంటే మంచమెక్కగానే మెలకువ రావడం అలవాటైపోతుంది. ఓ 20 నిమిషాల్లో పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోండి, కళ్లు మూతపడుతున్నప్పుడే వెళ్లి పడుకోండి. ఎప్పుడు పడుకున్నా పొద్దున్న లేచే టైం మాత్రం మార్చొద్దు. ఇందులో కష్టమైనదీ, బాగా పనిచేసేదీ అదే.

పైడిభీమవరం కంపెనీల్లో నైట్ షిఫ్ట్ వాళ్ల బాధ వేరు, పొద్దుటి ఎండ పడితే ఒళ్లు పగలని లెక్కేసుకుంటుంది. కంపెనీ బస్సులో వస్తూ నల్లకళ్లద్దాలు పెట్టుకోండి, గది చీకటి చేసుకోండి.

నడిరాత్రి మెలకువా? మద్యం తాగితే నిద్ర తొందరగానే పడుతుంది, కానీ రాత్రి రెండో సగంలో చెడగొడుతుంది. గురక పెడుతూ మధ్యలో ఊపిరాగినట్టయితే స్లీప్ ఆప్నియా కావచ్చు, పరీక్ష చేయించాలి. మాటిమాటికీ మూత్రానికి లేస్తుంటే షుగర్ చూపించండి.

రాత్రయితే కాళ్లు లాగి, కదిపితే గానీ ఊరుకోనివ్వట్లేదంటే ఐరన్ తక్కువై ఉండొచ్చు, కిడ్నీ జబ్బులోనూ ఇలా ఉంటుంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి వైపు వాళ్లు దీన్ని 'పొలం పని నొప్పులే' అని వదిలేయకండి, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) రక్త పరీక్షలు రెండూ చేయించుకోండి. నొప్పి బిళ్లలు సొంతంగా వేసుకోవద్దు, వాటిలో చాలావరకు కిడ్నీలకి చేటు.

మూడింటికో నాలుగింటికో తెలివొచ్చి, దేనిమీదా మనసు పోకపోతే అది డిప్రెషన్ కావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

వారానికి కనీసం 3 రాత్రులు, 3 నెలలుగా ఇదే వరసైతే డాక్టర్‌కి చూపించాల్సిందే. నిద్ర కోసం వేసుకునే ఆల్ప్రాజోలం లాంటి మాత్రలు అలవాటైపోతాయి, మద్యంతో కలిస్తే ఊపిరికే ప్రమాదం. ఇప్పటికే రోజూ వేసుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేయకండి, రాసిచ్చిన డాక్టర్‌నే అడిగి మెల్లగా తగ్గించుకోండి.