భూమి పటాలతో ప్రణాళిక – ఆరవ పాఠం: చెరువు హద్దును పటం మీదికి తేవడం

కిందటి పాఠంలో గ్రామ నక్షాను స్కాన్ చేసి, పటాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయిన క్యూజీఐఎస్‌లోని జియోరిఫరెన్సర్ సాయంతో దానిని భూమి మీది అసలు స్థానంలో కూర్చోబెట్టాము. ఈసారి ఆ నక్షా మీద చెరువు హద్దును గీస్తాము. వరంగల్, హనుమకొండ, ములుగు, జనగామ ప్రాంతాలలో భూమికి సంబంధించిన ఏ ప్రణాళిక చేపట్టినా ముందుగా చెరువే ఎదురవుతుంది కనుక, పటంలో ఒకదాని మీద ఒకటిగా పరిచే మిగిలిన పొరలన్నిటికంటే ఈ పొరకు ఎక్కువ సమయం కేటాయించవలసిందిగా కోరుతున్నాను.

చెరువు హద్దు అంటే ఈ రోజు నీళ్లు నిలిచి ఉన్న అంచు కాదు. మత్తడి (నిండిన చెరువు నుంచి అదనపు నీరు పొర్లిపోయే అలుగు) పైఅంచు ఎత్తుకు సరిగ్గా నీళ్లు చేరినప్పుడు అవి ఎంతవరకు పరుచుకుంటాయో అదే పూర్తి నీటిమట్టపు గీత. కార్యాలయాలలో దీనినే ఎఫ్‌టీఎల్ అంటారు. ఎండాకాలంలో ఎండిపోయి పొలంలా కనిపించే శిఖం (చెరువు గర్భంలోని) భూమి కూడా ఈ గీత లోపలిదే. నేను ఈ పని నేర్చుకుంటున్న రోజులలో మే నెల ఉపగ్రహ చిత్రం మీద నీటి అంచును గీసి, అదే చెరువని చూపించాను. ఊరిలో ఆ కాగితం పరిచినప్పుడు, చేపలు పట్టే ఒక పెద్దాయన నా గీతకు చాలా బయట, తాటిచెట్ల వరుస దగ్గర వేలు ఆనించి, "మత్తడి దుంకితె నీళ్లు ఈడిదాక వస్తయి బిడ్డా" అన్నారు. ఆ వేలికీ నా గీతకూ మధ్య ఉన్న భూమినంతా ఇళ్లకు తగినదిగా నా పటం చూపిస్తున్నదని అప్పుడు తెలిసి, ఆ పొరను పూర్తిగా తీసివేసి మళ్లీ మొదలుపెట్టాను.

అందువల్ల చిత్రం తేదీని ఎంచుకోవడమే ఈ పాఠంలో అసలు పని. సెంటినెల్-2 చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఈ శ్రేణిలోని రెండు ఉపగ్రహాలు కలిసి సుమారు 5 రోజులకొకసారి ఒకే చోటును చూస్తాయి. జూలై, ఆగస్టులలో మబ్బులు అడ్డుపడతాయి కనుక, వానలు బాగా పడి మత్తడి పారిన ఏడాదిలో బతుకమ్మ పండుగకు ముందూ వెనుకా ఉన్న చిత్రాలను వెతకండి. బతుకమ్మలను సాగనంపిన నాడు నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయో ఊరి ఆడవాళ్లకు ఏళ్ల తరబడి గుర్తుంటుంది; తేదీని సరిచూసుకోవడానికి ఆ మాట ఎంతో పనికొస్తుంది. మబ్బు వీడకపోతే, మబ్బుల గుండా చూడగల సెంటినెల్-1 రాడార్ చిత్రాన్ని తీసుకోవచ్చు.

చిత్రం చేతికి వచ్చాక చిత్రంలోని గడుల విలువలతో లెక్కలు చేసే రాస్టర్ కాలిక్యులేటర్‌లో, ఒక్కొక్క రకం కాంతిని విడిగా నమోదు చేసిన పట్టీలలో (బ్యాండ్లలో) ఆకుపచ్చ పట్టీ అయిన 3వ దాని నుంచి, సమీప పరారుణ పట్టీ అయిన 8వ దానిని తీసివేసి, వచ్చిన దానిని ఆ రెండింటి మొత్తంతో భాగించండి. నీరు పరారుణ కాంతిని పీల్చుకుంటుంది కనుక నీళ్లున్న చోట విలువ సాధారణంగా సున్నాకు పైన ఉంటుంది. అయితే గుర్రపుడెక్క కమ్ముకున్న భాగం నీరుగా కాక పచ్చని చేనుగా కనబడుతుంది. దానిని చేత్తోనే కలుపుకోవాలి.

ఇక్కడ మన ప్రాంతపు కొలతకు సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. పాత సర్వేలో 33 అడుగుల గొలుసు వాడేవారు. 33 అడుగుల చదరం 1089 చదరపు అడుగులు, అంటే సరిగ్గా ఒక గుంట, సుమారు 101 చదరపు మీటర్లు. సెంటినెల్-2 చిత్రంలోని ఒక గడి 10 మీటర్ల చదరం, 100 చదరపు మీటర్లు. కాబట్టి తెరపై కనిపించే ఒక్కొక్క గడినీ ఒక గుంటగా, 40 గడులను ఒక ఎకరంగా చదువుకోవచ్చు. ఈ లెక్క మనసులో ఉంటే, రైతుతో మాట్లాడేటప్పుడు హెక్టార్ల ప్రస్తావనే అవసరం పడదు.

ఇక బఫర్, అంటే చెరువు హద్దు చుట్టూ కట్టడాలు లేకుండా వదలవలసిన పట్టీ. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. బఫర్ గీసే ముందు పొరను దూరాలను మీటర్లలో చూపే యూటీఎం పద్ధతిలో 32644 సంఖ్య గల 44వ మండలానికి మార్చండి. మన జిల్లాలు అందులోకి వస్తాయి. పొర డిగ్రీలలోనే ఉండగా 30 అని కొడితే, అది 30 డిగ్రీలని తీసుకుని దేశాన్నే దాటిపోయే గీత గీస్తుంది.

దీనికంటే లోతైన పొరపాటు మరొకటి ఉంది, అది తెరపై కనిపించదు. మీ నక్షా కూర్చున్న తీరులో 8 మీటర్ల దోషం ఉండి, దానికి 10 మీటర్ల గడి దోషం తోడైతే, 9 మీటర్ల పట్టీ లోపల ఏ ప్లాటు ఉందో ఈ పటం తేల్చలేదు. తేల్చినట్టు చూపించడం అన్యాయం. అందుకే నేను మూడు రంగులు వాడతాను: కచ్చితంగా లోపలిది, కచ్చితంగా బయటిది, కొలిస్తేగాని తేలనిది. మూడో రంగులో ఉన్న భూమికి మత్తడి నుంచి లెవెలింగ్ చేసి (ఎత్తులు కొలిచి), స్థానాన్ని మామూలు జీపీఎస్ కంటే కచ్చితంగా చూపే డీజీపీఎస్‌తో హద్దు నిర్ణయించాలి. 2000 ఫిబ్రవరిలో సేకరించిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల పటంతో ఆ పని జరగదు; దాని ఎత్తులలో 16 మీటర్ల దాకా దోషం ఉండవచ్చని తయారుచేసినవారే ప్రమాణంగా పెట్టుకున్నారు, మన చెరువుల లోతు చాలా చోట్ల అందులో సగం కూడా ఉండదు. వాన నీరు ఏ దిక్కు నుంచి వచ్చి చేరుతుందో చూడడానికి మాత్రం అది చాలు.

చివరగా ఇంటర్‌సెక్షన్ సాధనంతో సర్వే నంబర్ల పొరను ఎఫ్‌టీఎల్ పొరతో కలిపి, ఒక్కొక్క నంబరులో ఎన్ని గుంటలు లోపల ఉన్నాయో పట్టిక తీయండి. ప్రభుత్వ శిఖం, పట్టా భూమి వేర్వేరు నిలువు వరుసలలో ఉండాలి. ముంపులో ఉన్న పట్టాదారుకు భూమిపై హక్కు ఉంటుంది, కట్టడానికి మాత్రం అనుమతి ఉండదు. ఈ రెండింటినీ ఒకే రంగులో కలిపివేసిన పటాన్ని గ్రామసభలో పెడితే, నీళ్ల గురించి జరగవలసిన చర్చ గెట్టు పంచాయితీగా మారుతుంది.

వచ్చే పాఠానికి ముందు మీ ఊరి చెరువు ఒకటి తీసుకుని ఈ పట్టికను సిద్ధం చేసి, కట్ట మీద నుంచి మత్తడి దాకా ఒకసారి నడిచి రండి. మత్తడి దాటిన నీరు ఏ వాగులో పడి, కింది ఏ చెరువుకు చేరుతుందో రాసి ఉంచుకోండి. కాకతీయుల కాలం నుంచి వస్తున్న గొలుసుకట్టు చెరువుల మధ్య కాలువలను ఆ రాతతోనే గీయడం మొదలుపెడతాము.