నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత కారు: పార్టులు మార్చే ముందు ఇవి చూడండి

పాత పెట్రోలు కారు ట్రాఫిక్‌లో ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతే కారణం సంగతి తర్వాత, ముందు బండిని పక్కకు తియ్యాలి. హజార్డ్ లైట్లు వేసి న్యూట్రల్ చెయ్యండి. స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు ఒకటి రెండు సార్లు పడి ఆ తర్వాత గట్టిపడిపోతుంది, అందుకని మాటిమాటికీ తొక్కకుండా ఒకేసారి నొక్కి పట్టుకోండి. బండి పూర్తిగా ఆగేదాకా తాళం మాత్రం బయటికి తియ్యొద్దు, స్టీరింగ్ లాకైపోతుంది.

ఇక అసలు పని. ఈ జబ్బు బండి ఆగిన మొదటి ఐదు నిమిషాల్లోనే దొరుకుతుంది. షెడ్డుకు లాక్కెళ్లేసరికి ఇంజన్ చల్లారి ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది.

స్విచ్ ఆపినట్టు టక్కున ఆగిందా, జర్కులిస్తూ ఆగిందా గుర్తుపెట్టుకోండి. టక్కున అయితే ఎక్కువగా కరెంటు వైపు, జర్కులైతే పెట్రోలు వైపు. డాష్‌బోర్డు లైట్లు కూడా ఆరిపోతే బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి. టెర్మినల్ చేత్తో తిప్పితే కదలకూడదు. సిగ్నళ్ల దగ్గర మాత్రమే ఆగి రన్నింగ్‌లో బాగుంటే ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీలో మసి పట్టి ఉండొచ్చు, ముందు క్లీన్ చేయించండి.

లైట్లున్నాయి, సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ మాత్రం కావట్లేదు అంటే తాళం ఆన్ చేసి వెనక సీటు మీద చెవి పెట్టండి. రెండు సెకన్లు సన్నగా జుయ్‌మని ఫ్యూయల్ పంపు మోగాలి. మోగకపోతే ఫ్యూజు చూసి, అదే నంబరున్న హారన్ రిలే (కరెంటును ఆన్ ఆఫ్ చేసే చిన్న డబ్బా) పీకి పంపు రిలే స్థానంలో పెట్టి చూడండి.

పంపు మోగుతున్నా స్టార్ట్ కాకపోతే నాకు మొదటి అనుమానం, ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సార్ మీదే. మా 2004 మోడల్ బండి మే నెల ఎండలో విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఆగిపోయింది, వెనక సీట్లో అమ్మ ఉంది, ఎంత టెన్షన్ పడ్డానో. ఆటోనగర్‌లో పంపు మార్పిస్తే నాలుగో రోజే వారధి దాటగానే మళ్లీ ఆగింది. ఈసారి అమ్మని పక్కన నీడలో కూర్చోబెట్టి, సెల్ఫ్ కొడుతూ ఆర్పీఎం ముల్లు చూశాను, సున్నా మీంచి వెంట్రుకంత కూడా కదల్లేదు. అంటే ఇంజన్ తిరుగుతోందన్న కబురే కంప్యూటర్‌కి అందట్లేదు, అందుకే స్పార్కు ఇవ్వట్లేదు. తాళం తీసేసి, తాగే నీళ్లతో గుడ్డ తడిపి గేర్‌బాక్స్ పక్కనున్న సెన్సార్ మీద పది నిమిషాలు వేశాను, ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఈ సెన్సార్లు పాడవడం మొదలైతే వేడికి పని మానేసి చల్లారాక మళ్లీ పనిచేస్తాయి. కొత్తది వేసే ముందు సాకెట్ ఊడదీసి లోపల ఆయిల్ దిగిందా, వైరు కరిగిందా తప్పకుండా చూడండి, లేకపోతే కొత్త సెన్సార్ డబ్బులు కూడా దండగే.

ఎంతసేపు నడిచాక ఆగింది, ఏసీ వేసి ఉందా, ట్యాంకులో పెట్రోలు ఎంతుంది, మళ్లీ అందుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఇవన్నీ ఫోన్లో రాసి మేస్త్రికి చూపించండి. షెడ్డులోనే ఏసీ వేసి ఐడిలింగ్‌లో ఉంచమనండి, కళ్లముందు మళ్లీ ఆగేదాకా ఏ పార్టూ మార్చనివ్వొద్దు.