పాత మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో ముందు ఎయిర్ స్ట్రట్ మార్చడం ఎలా?

రాత్రి నిలబెట్టిన కారు పొద్దున్నకి ముందు ఒక మూల కుంగిపోయి, స్టార్ట్ చేయగానే మీటరులో ‘స్టాప్, కార్ టూ లో’ అని చూపిస్తోందా? 1998లో వచ్చిన డబ్ల్యూ220 తరం ఎస్-క్లాస్‌లో ఇది మామూలే. స్ప్రింగుకు బదులు గాలితో కారును మోసే స్ట్రట్‌లోని రబ్బరు సంచి మడత పడే చోట ఏళ్ల తరబడి నలిగి చిట్లుతుంది.

షెడ్డుకి తీసుకెళ్తే మొదటి సలహా, ‘స్ప్రింగులు వేయించేయండి సార్, గొడవ వదిలిపోతుంది’ అని. ఒప్పుకోవద్దు. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నిండా సామాను వేసినా కారు ఎత్తు మారకుండా ఉంచేది, హైవే మీద వేగం పెరిగితే బాడీని కాస్త కిందికి దించేది ఈ గాలే. అది తీసేశాక మిగిలేది ఎస్-క్లాస్ బాడీ మాత్రమే.

ముందు లీకు ఎక్కడో ఖాయం చేసుకోండి. సబ్బు నీళ్లు స్ట్రట్ పైభాగం మీద, గాలి పైపు జాయింటు మీద, స్ట్రట్లకు గాలి పంచే వాల్వ్ బ్లాక్ మీద కొట్టి బుడగలు చూడండి. వాల్వ్ బ్లాక్ దగ్గర లీకు ఉంటే కొత్త స్ట్రట్ వేసినా కారు కుంగుతూనే ఉంటుంది. స్ట్రట్‌దే అయితే రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒకటి పోయిందంటే రెండోదీ అంతే పాతది.

జాకీ, రెండు స్టాండ్లు, స్పానర్లు, టార్క్ రెంచ్ చాలు. ఇంజిన్ ఆపి, తాళంచెవి బయటికి తీసి, గాలి నింపే కంప్రెసర్ రిలే (దానికి కరెంటు ఇచ్చే స్విచ్చు) పీకేయండి. కారు ఎత్తి స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. ఒట్టి జాకీ మీద ఉన్న కారు కిందికి దూరకూడదు.

చక్రం తీశాక, స్ట్రట్ పైనున్న గాలి పైపు నట్టు కొద్దికొద్దిగా వదులు చేయండి. బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాకే విప్పాలి. కరెంటు ప్లగ్గు, పై ఆర్మ్ బాల్ జాయింటు, కింది బోల్టు, చివరగా బానెట్ కింద మూడు నట్లు. నకిల్‌ను (చక్రం బిగించే ఇనుప భాగం) తీగతో కట్టేయండి, బ్రేకు గొట్టం మీద బరువు పడకూడదు. కొత్త స్ట్రట్‌ను దీనికి తిరుగు వరసలో బిగించాలి, కింది బోల్టును మాత్రం చేత్తో తిప్పి వదిలేయండి. పైపు చివర గీతలు పడి ఉంటే కొత్త బ్లేడుతో నిటారుగా కోసి, కొత్త ఫిట్టింగే వాడాలి.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. వేలకు వేలు పోసి కొన్న స్ట్రట్లు నాశనమయ్యేది ఇక్కడే. అన్నీ బిగించేశాం కదా అని చక్రం వేసి జాకీ దించేస్తారు. సంచిలో గాలి లేదు. రెండు టన్నుల దగ్గరున్న కారు బరువు ఖాళీ రబ్బరు మీద పడుతుంది. ఉల్లిపొరలా పలుచగా ఉండే ఆ రబ్బరు అడ్డంగా మడతపడి, అక్కడే నలుగుతుంది. ఆ రోజు కారు లేస్తుంది, బాగానే తిరుగుతుంది. కొన్నాళ్లకు సరిగ్గా ఆ మడత దగ్గరే లీకు మొదలవుతుంది. అప్పుడు స్ట్రట్ నకిలీదని అమ్మినవాణ్ణి తిడతారు.

గాలి నిండకుండా స్ట్రట్ మీద బరువు పడకూడదు. మెర్సిడెస్ వాళ్ల కంప్యూటర్ పరీక్ష యంత్రం స్టార్ డయాగ్నొసిస్ దొరికితే చక్రాలు గాల్లో ఉండగానే దానితో గాలి నింపించండి, అదే ఉత్తమం. లేకపోతే రిలే పెట్టి, చక్రాలు నేలను తాకేదాకా, మామూలు ఎత్తుకు ఒక్క వేలు కిందుగా, కారును మెల్లగా దించి అక్కడే ఆపండి. బరువంతా జాకీ మీదే ఉండాలి. చక్రాలు గాల్లో వేలాడుతుంటే కారు ఎక్కువ ఎత్తులో ఉందని సెన్సార్లు చెబుతాయి, కంట్రోల్ యూనిట్ గాలి నింపదు. తలుపులు మూసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. కంప్రెసర్ గుర్రుమంటుంది. తొందరపడి జాకీ ముట్టుకోకండి. కారు తనంతట తాను లేచి జాకీ వదులయ్యాకే దాన్ని తీయాలి. కంప్రెసర్ మధ్యలో ఆగిపోతే వేడెక్కిందని అర్థం, చల్లారనివ్వండి.

కారు తన ఎత్తులో నిలబడ్డాకే కింది బోల్టు టార్క్ ప్రకారం బిగించాలి. వేలాడుతుండగా బిగిస్తే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది.

కంప్రెసర్ రిలే కూడా కొత్తది వేయాల్సిందే. లీకున్నన్నాళ్లూ అది విరామం లేకుండా పనిచేసింది. దాని పాయింట్లు అతుక్కుంటే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. ఆ రాత్రి చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి, పొద్దున్న మళ్లీ కొలవండి. తేడా కనిపిస్తే ముందుగా పైపు జాయింటు మీదే సబ్బు నీళ్లు కొట్టండి.