పాత ఐపాడ్‌ను పెన్‌డ్రైవ్‌లా వాడుకోవడం ఎలా?

సొరుగు అడుగున ఓ ఐపాడ్ క్లాసిక్ (యాపిల్ కంపెనీ పాటల ప్లేయర్) పడి ఉందా? పాటలన్నీ ఫోన్లోకి వచ్చేశాక దానితో పనేముందిలే అని వదిలేసి ఉంటారు. విప్పి చూస్తే దాని లోపల ఉండేది 1.8 అంగుళాల హార్డ్‌డిస్క్. 2009లో వచ్చిన మోడల్‌ అయితే ఏకంగా 160 జీబీ. పాటలు పోను మిగిలిన చోటంతా మన ఫైళ్లకు వాడుకోవచ్చు, ఉన్న పాటల్లో ఒక్కటి కూడా చెరపకుండా.

ముందు మీ చేతిలో ఉన్నది ఏదో చూసుకోండి. క్లాసిక్, మినీ, నానో, షఫుల్ అన్నీ ఈ పనికొస్తాయి. టచ్ మాత్రం పనికిరాదు. అది ఐఫోన్ జాతి, డిస్క్‌లా తెరుచుకోదు. క్లాసిక్‌కైతే వెడల్పాటి 30 పిన్నుల కేబుల్ కావాలి, ఇప్పటి ఐఫోన్ కేబుల్ పట్టదు.

మొదటి పని: డిస్క్‌గా మార్చడం

ఇది ఒక్కసారి చేస్తే చాలు. ఐపాడ్‌ను మీ కంప్యూటర్‌కు తగిలించి, ఐట్యూన్స్ (ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే యాపిల్ సాఫ్ట్‌వేర్) తెరిచి, ఐపాడ్ బొమ్మ మీద నొక్కండి. సమ్మరీ పేజీలో కిందికి వెళ్తే 'ఎనేబుల్ డిస్క్ యూజ్' అని ఉంటుంది. అక్కడ టిక్కు పెట్టి అప్లై నొక్కండి. కొత్త మ్యాక్‌లలో ఐట్యూన్స్ ఉండదు, ఇదే పని ఫైండర్‌లో (మ్యాక్‌లో ఫైళ్లు చూసే చోట) చేయాలి. పాటలు మనమే చేత్తో ఎక్కించుకునే ఆప్షన్ ముందే పెట్టుకుని ఉంటే డిస్క్ టిక్కు దానంతటదే పడి ఉంటుంది, తీయడానికి కూడా వీలుండదు. అది లోపం కాదు.

అదే పేజీలో ఫార్మాట్, అంటే డిస్క్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి, ఏదో కూడా చూడండి. విండోస్ అని ఉంటే ఫ్యాట్32 అన్నమాట, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ తెరుచుకుంటుంది. మ్యాకింతోష్ అని ఉంటే మామూలు విండోస్ కంప్యూటర్ దాన్ని చదవలేదు. పైగా 'ఫార్మాట్ చేయమంటారా?' అని అడుగుతుంది. పొరపాటున కూడా సరే అనకండి. మార్చాలనుకుంటే పాటలన్నీ వేరే చోట దాచుకుని, విండోస్ కంప్యూటర్లోని ఐట్యూన్స్‌తో రీస్టోర్ చేయాలి, అంటే అంతా చెరిపి మళ్లీ కొత్తదానిలా సిద్ధం చేయాలి.

రెండో పని: ఫైళ్లు ఎక్కించడం

ఇక ఐపాడ్ పెన్‌డ్రైవ్‌లాగే ఓ డ్రైవ్‌గా కనిపిస్తుంది. తెరిస్తే కాంటాక్ట్స్, నోట్స్ లాంటి ఫోల్డర్లు ఉంటాయి. వాటి జోలికి పోకుండా మీ పేరుతో ఓ ఫోల్డర్ తెరుచుకుని అందులో కాపీ చేసుకోండి. కాపీ అవుతున్నంతసేపూ ఐపాడ్‌ను కదపకుండా బల్ల మీద ఉంచండి. లోపల తిరుగుతున్నది హార్డ్‌డిస్క్.

పాటలు ఎక్కడున్నాయో కనిపించలేదని కంగారు పడొద్దు. అవి 'ఐపాడ్ కంట్రోల్' అనే దాచిపెట్టిన ఫోల్డర్లో ఉంటాయి. నేనోసారి ఊరుకోలేక లోపలికి వెళ్లాను. ఎఫ్00, ఎఫ్01 అంటూ వరసగా ఫోల్డర్లు, వాటిలో నాలుగేసి అక్షరాల అర్థంలేని పేర్లతో పాటలు. ఒకదానికి చక్కగా పాట పేరు పెట్టాను. ఆ తర్వాత దాని వంతు వచ్చినప్పుడల్లా ఐపాడ్ దాన్ని దాటేసి పక్క పాటకు పోయేది. అలాగే, మీ ఫోల్డర్లో వేసిన ఎంపీ3 ఐపాడ్ పాటల జాబితాలో కనిపించదు. పాటలు ఐట్యూన్స్ ద్వారానే ఎక్కాలి.

పెళ్లి వీడియో లాంటి పెద్ద ఫైలుతో మరో చిక్కు. ఐపాడ్‌లో ఎంత ఖాళీ ఉన్నా, ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు. ఫైళ్లను కుదించే, ముక్కలు చేసే సెవెన్‌జిప్ అనే సాఫ్ట్‌వేర్‌లో 4000 ఎంబీ చొప్పున ముక్కలు చేసి, అవతలి కంప్యూటర్లో ముక్కలన్నీ ఒకే ఫోల్డర్లో వేసి, మొదటి ముక్కను సెవెన్‌జిప్‌తోనే తెరిస్తే మళ్లీ ఒకటవుతాయి.

తెలుగు డీటీపీ ఫైళ్ల (అచ్చు కోసం కంప్యూటర్లో పేజీలు కట్టిన ఫైళ్ల) సంగతి విడిగా చెప్పాలి. మా చెల్లి పెళ్లి శుభలేఖను పేజ్‌మేకర్ (పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్) ఫైలుగా ఇలాగే ఐపాడ్‌లో వేసుకుని ప్రెస్సుకు తీసుకెళ్లాను. శుభలేఖ కట్టింది 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లతో, అక్కడి కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, కామాలు. ఫాంటు తేవడానికి మళ్లీ ఇంటికి పరుగు. పేజ్‌మేకర్ ఫైలుతో పాటు వాడిన ఫాంట్లు, పెట్టిన బొమ్మలు అదే ఫోల్డర్లో వేసుకోండి. దిద్దుబాట్లేమీ లేకపోతే పీడీఎఫ్ చేసుకుని వెళ్లండి, టెన్షన్ ఉండదు.

మూడో పని: అవతలి కంప్యూటర్లో

అక్కడ ఐట్యూన్స్ లేకపోతే మరీ మంచిది, నేరుగా డ్రైవ్ తెరుచుకుంటుంది. ఉంటే మాత్రం జాగ్రత్త. ఇది వేరే కంప్యూటర్‌తో జతైన ఐపాడ్ అని చెప్పి, 'ఎరేజ్ అండ్ సింక్' చేయమంటారా అని అడుగుతుంది. అది నొక్కారో, మీ పాటలు పోయి వాళ్ల పాటలు వచ్చి కూర్చుంటాయి. క్యాన్సిల్ చేయండి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్ మీటలు నొక్కిపట్టి ఐపాడ్ తగిలిస్తే సింక్ (ఐట్యూన్స్‌లోని పాటలకు తగ్గట్టు ఐపాడ్‌ను మార్చేయడం) మొదలే కాదు.

డ్రైవ్ కనిపించకపోతే హోల్డ్ మీట తీసి, మెనూ, నడిమి బటన్ రెండూ కలిపి యాపిల్ గుర్తు వచ్చేదాకా నొక్కిపట్టండి. గుర్తు రాగానే వదిలేసి, వెంటనే నడిమి బటన్, ప్లే కలిపి నొక్కండి. డిస్క్ మోడ్ వస్తుంది. ఈ కిటుకు చక్రం ఉన్న మోడళ్లకే.

పరాయి కంప్యూటర్లో పెట్టి తెచ్చాక ఇంట్లో యాంటీవైరస్‌తో ఓసారి స్కాన్ చేయండి. 2006లో కొన్ని వీడియో ఐపాడ్‌లు విండోస్ వైరస్‌తోనే బయటికొచ్చాయని యాపిలే ఒప్పుకుంది. ఇది ఒట్టి పాటల డబ్బా కదా అనుకోకండి.

నాలుగో పని: ఎజెక్ట్

డిస్క్ టిక్కు పెట్టాక ప్రతిసారీ మనమే ఎజెక్ట్ చేయాలి, అంటే కేబుల్ పీకే ముందు డ్రైవ్‌ను తీసేస్తున్నామని కంప్యూటర్‌కు చెప్పాలి. తెర మీద మామూలు మెనూ వచ్చాకే కేబుల్ పీకండి. మ్యాక్‌లో ఫైళ్లు చెరిపితే, ఐపాడ్ తగిలించి ఉండగానే చెత్తబుట్ట కూడా ఖాళీ చేయాలి. లేకపోతే ఫైలు పోయినట్టే ఉంటుంది గానీ చోటు మాత్రం ఖాళీ కాదు.

యాపిల్ కాని ప్లేయర్ అయితే ఐట్యూన్స్ గొడవే లేదు. కొన్నింట్లో సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ మోడ్ అని ఉంటుంది, దాన్ని ఎంఎస్‌సీకి (పెన్‌డ్రైవ్‌లా డ్రైవ్‌గా కనిపించే పద్ధతికి) మార్చండి. ఎంటీపీలో (డ్రైవ్‌గా కాకుండా మీడియా ప్లేయర్‌గా కనిపించే పద్ధతిలో) ఉంచితే విండోస్‌లో తెరుచుకుంటుంది గానీ మ్యాక్ దాన్ని దానంతటదే గుర్తించదు.