జావా పల్లెలో నాట్ల టైమ్‌కి ఉండబోతున్నారా, ముందు ఇవి చూస్కోండి

నవంబర్ వస్తే ఇండోనేషియాలోని జావా దీవిలో వానలు, నాట్లు. ఊళ్లో నాలుగు రోజులు ఉండేవాళ్ల కోసం:

– చీకట్లో పొలం గట్ల మీదకి అస్సలు వెళ్లొద్దు. ఎలకల కోసం మడి చుట్టూ కరెంట్ తీగ లాగుతారు, పోలీసులు వద్దంటున్నా ఆగట్లేదు, స్రాగెన్, ఙావి జిల్లాల్లో రైతులే దానికి తగిలి చనిపోయారు. పగలైనా ఇంటాయన్ని అడిగాకే దిగండి, తీగ కనపడితే ఆఫ్‌లో ఉందన్నా నమ్మకండి.

– కాలికి గాటో పుండో ఉంటే బురదలో దిగొద్దు. ఎలక మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, తర్వాత జ్వరం, పిక్కల నొప్పి వస్తే పుస్కెస్మాస్ (అక్కడి సర్కారు దవాఖానా) డాక్టర్‌కి పొలంలో దిగిన సంగతి ముందే చెప్పండి.

– 24 గంటల్లోపు ఆర్‌టీ పెద్దకి పాస్‌పోర్ట్ చూపించాలి, ఆర్‌టీ అంటే కొన్ని ఇళ్లకో గుంపు. లేకపోతే మాట పడేది మీకు చోటిచ్చిన ఇంటోళ్లే.

– చిన్న నోట్లు ఉంచుకోండి, లక్ష రుపయా నోటుకి కొట్లో చిల్లర దొరకదు.

– శాకాహారులు టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), టోఫు (సోయా పనీర్)తో నెట్టుకురావచ్చు, కానీ సంబల్ (అక్కడి మిరపకాయ పచ్చడి)లో ఏం కలిపారో అడిగాకే తినండి, చాలావాటిలో రొయ్యల ముద్ద కలుపుతారు, కంటికి మన మిరపకాయ పచ్చడిలానే ఉంటుంది మరి!